గమనికలు

పొద్దున్నే ఎనిమిదింటికి వానపాత్ర దగ్గరికి వెళ్తాను.
పదిహేడేళ్లుగా ఇదే పని.
చిలోయే దీవిలో వానను కొలవడమంటే
చేపను దాహమేస్తోందా అని అడగడమేనని
మా మరిది ఎలియాసార్ నవ్వుతాడు.
నవ్వనీ.
జలశాఖ నెలనెలా ఇచ్చేదాంతో
పొయ్యిలోకి కట్టెలొస్తాయి,
ఆ పొయ్యి పక్కనే వాడూ చలి కాచుకుంటాడు.

గొట్టాన్ని కంటి ఎత్తుకు పట్టుకుని
నీటి అంచు వంగినచోట, కింది గీతను చదవాలి.
పన్నెండున్నర. ముప్పై ఒకటి. ఆరు.
అంకె వేసి నీళ్లు కంచె పక్కన పారబోస్తాను.
అక్కడ పుదీనా ఎవరూ అడగకుండానే ఏపుగా పెరిగింది.

పని నేర్పడానికొచ్చిన ఒయార్సో గారు
మొదటిరోజే వేలు చూపించి చెప్పాడు:
“వాన పడకపోతే సున్నా వెయ్యాలమ్మా.
ఖాళీ వదలకూడదు.
సున్నా అంటే చూశాం, ఏమీ లేదని.
ఖాళీ అంటే ఎవరూ చూడలేదని.
తడి తగిలి, కొలతకు అందకపోతే
జాడ అని రాయండి.”

పట్టికలో చివరి గడి పేరు ‘గమనికలు’.
పదకొండేళ్లు దాని జోలికి పోలేదు.
ఏం గమనించాలో ఎవరూ చెప్పలేదు మరి.

ఓ జూన్ పొద్దున, మాకు జూన్ అంటే నడిచలి,
చేతులు కొంకర్లు పోతుంటే
పెన్సిల్ దానంతటదే పక్క గడిలోకి జారింది:
‘గొట్టంలో సాలెపురుగు. బతికే ఉంది.’
మర్నాడు: ‘కుడి బూటు కారుతోంది.’
ఆ మర్నాడు: ‘ఎర్మీనియా పుంజు ఇవాళ కుయ్యలేదు. దాన్ని వండారేమో.’

నెల తిరక్కుండా ఒయార్సో గారు దిగాడు.
“ఆ గడి పరికరం పాడైతే రాయడానికమ్మా.”
నా చెవులు కాలిపోయాయి.
గేటు దాకా వెళ్లి, ఆగి,
గొంతు తగ్గించి అడిగాడు:
“ఆ సాలెపురుగు ఏమైంది?”

శనివారం కాస్త్రో సంతలో
లెక్కల నోటుపుస్తకం కొన్నాను, గళ్లది.
గీతల పుస్తకం కొంటే పెద్ద పెద్ద వాక్యాలు అడుగుతుందని భయం.

కూర్చుంటే వస్తుందనుకున్నాను. రాలేదు.
బంగాళదుంపలు తవ్విన రోజుల్లో
చెయ్యే రాయిలా బిగుసుకుపోతే
రాయి, రాయి అంటే ఏం రాస్తుంది?
అలాంటప్పుడు తారీఖు వేసి, పక్కన సున్నా చుట్టేదాన్ని.
మొదటి నలభై రోజుల్లో ఇరవైమూడు సున్నాలు.
తొమ్మిది చోట్ల ఒక్కటే మాట: జాడ.
సున్నాలు కూడా, చూస్తే,
ఒక్కోరోజు ఒక్కోలా ఉన్నాయి:
కొన్ని కోపంగా, కొన్ని నిద్రమత్తులో,
ఒకటి మరీ కోడిగుడ్డంత.

చెయ్యి తిరగడానికి ఏడాది పట్టింది.
తిరిగిందంటే గొప్పగా రాస్తున్నానని కాదు.
రాయకపోతే
ఎక్కడో ఇంట్లో కుళాయి కట్టెయ్యలేదన్నట్టు
ఒళ్లంతా ఒకటే గుబులు.

మొన్న ఏప్రిల్లో పిత్తాశయం కోశారు.
నాలుగు రోజులు ఆసుపత్రి.
వానను మా మేనకోడలు జనెత్ కొలిచింది.
ఇంటికొచ్చి నోటుపుస్తకం తెరిస్తే
నా గళ్లలో దాని వంకర అక్షరాలు:
‘అత్త లేదు. వాన పదిహేను.
నాకేం రాయాలో తెలీదు.’
రెండోరోజు: ‘ఇవాళా తెలీదు. కెటిల్ మూత దొరకలేదు.’
మూడోరోజు సున్నా.
నాలుగోరోజు: ‘అత్త బూట్లేసుకుని వెళ్లా. కుడిది నిజంగానే కారుతోంది.’

ఆరేళ్లుగా నేను రాసిందంతా ఒక పక్కనా
ఆ నాలుగు రోజులూ ఒక పక్కనా పెడితే
ఎటు మొగ్గుతుందో చెప్పను.
దానికి ఓ పుస్తకం కొనిచ్చాను, గళ్లదే.
రాస్తోందో లేదో అడగను.

జలశాఖ నుంచి ఉత్తరం వచ్చింది.
యంత్రం పెడతారట, సోలార్ పలకతో;
గంటగంటకూ అదే పంపేస్తుందట.
పాత్రను వచ్చే నెల పట్టుకుపోతారు.
పోనీ.
పాలపొడి డబ్బా ఉంది, స్కేలు ఉంది.

ఎలియాసార్ బయట కట్టెలు కొడుతున్నాడు.
టీ చల్లారిపోతోంది.
ఇవాళ్టిది ఇంకా రాయలేదు.